పాత బండి.. పనికొచ్చే పాఠాలు!

నాన్న వాడి పక్కన పెట్టిన కరిజ్మా, అన్న దగ్గర తీసుకున్న థండర్‌బర్డ్, సెకండ్ హ్యాండ్‌లో కొన్న పల్సర్.. నిజాంపేట హాస్టళ్ల ముందు ఇలాంటి బండ్లు చాలానే కనిపిస్తాయి. అవి అప్పుడప్పుడూ మొరాయిస్తాయి. తోటి రైడర్ల సాయంతో వాటిని దారిలో పెట్టడం తెలిస్తే శ్రీశైలం దాకా ధైర్యంగా వెళ్లి రావచ్చు. అదే పద్ధతి ఇంటర్వ్యూ గదిలోనూ ఆదుకుంటుంది. ఎలాగో చూద్దాం!

జేఎన్‌టీయూ, వీఎన్ఆర్ విజ్ఞానజ్యోతి, గోకరాజు రంగరాజు లాంటి ఇంజినీరింగ్ కళాశాలలన్నీ నిజాంపేటకు దగ్గర్లోనే. హైటెక్ సిటీ కూడా దూరమేం కాదు. అందుకే చదువుతున్నవారూ, చదువు పూర్తయి ఉద్యోగం వెతుక్కుంటున్నవారూ ఇక్కడి హాస్టళ్లలో, అద్దె గదుల్లో ఉంటారు. అందరి రెజ్యూమెలూ దాదాపు ఒకేలా ఉంటాయి. అవే కోర్సులు, అవే సర్టిఫికెట్లు, అలాంటివే ప్రాజెక్టులు.

తేడా తెలిసేది ఇంటర్వ్యూలో. ‘మీరు స్వయంగా పరిష్కరించిన ఒక సమస్య గురించి చెప్పండి’ అనేది తరచూ ఎదురయ్యే ప్రశ్న. అమీర్‌పేటలో డబ్బులిచ్చి తెచ్చుకున్న ప్రాజెక్టు గురించి చెబితే రెండో ప్రశ్నకే దొరికిపోతాం. ‘ఆ పద్ధతే ఎందుకు ఎంచుకున్నారు? మొదట ఏం అనుమానించారు? మీ అంచనా తప్పని ఎలా తెలిసింది?’ అని అడిగితే నోరు పెగలదు. సొంత చేతులతో లోపం వెతికినవారికి మాత్రం చెప్పడానికి చాలా ఉంటుంది. అలా వెతకడం నేర్చుకోవడానికి పెద్ద ల్యాబ్ అక్కర్లేదు. ఇంటి ముందున్న పాత బండి చాలు.

పాతదే ఎందుకు?

దేశవ్యాప్తంగా 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 నిబంధనలు వచ్చాయి. అప్పటి నుంచి కొత్త బండ్లలో ఫ్యూయల్ ఇంజెక్షన్, సెన్సర్లు మామూలైపోయాయి. వాటిలో చాలా లోపాలను స్కానర్ పెట్టి చదవాలి. 2001లో వచ్చిన తొలి పల్సర్, 2003లో వచ్చిన 223 సీసీ కరిజ్మా లాంటివి అలా కాదు. వాటిలో ఉండేది కార్బొరేటర్, కాయిల్, ప్లగ్, కేబుళ్లు. చాలావరకూ కంటితో చూడొచ్చు, చేత్తో విప్పొచ్చు, తప్పొప్పులు అక్కడికక్కడే తేల్చుకోవచ్చు.

ఇబ్బందీ ఉంది. కొన్ని మోడళ్ల తయారీ ఆగిపోయింది, విడిభాగాలు అన్నిచోట్లా దొరకవు. ఏ పార్టు పుత్లీబౌలిలో దొరుకుతుంది, దేనికి రాణిగంజ్ వెళ్లాలి, ఏ మోడల్ కేబుల్ దేనికి సరిపోతుంది అనేది పుస్తకాల్లో ఉండదు. అదే బండిని పదేళ్లుగా నడుపుతున్నవారికి తెలుస్తుంది. కాబట్టి పాత బండి ఉన్నవారికి తోటి రైడర్లతో పని తప్పదు. పాఠం మొదలయ్యేది అక్కడే.

‘40 కిలోమీటర్ల తర్వాత ఆగుతోంది’

దూరం వెళ్లే పాత బండ్లలో తరచూ కనిపించే ఒక సమస్యనే తీసుకుందాం. ఆదివారం పొద్దున్నే నిజాంపేట నుంచి బాచుపల్లి, గండిమైసమ్మ మీదుగా నర్సాపూర్ అడవి వైపు బయల్దేరారు. ఊళ్లో బండి బ్రహ్మాండంగా నడిచింది. దాదాపు 40 కిలోమీటర్లు ఆగకుండా వెళ్లాక పికప్ తగ్గింది, రెండుసార్లు మిస్సింగ్ కొట్టి ఆగిపోయింది. పది నిమిషాలు ఆగి కిక్ కొడితే స్టార్టయింది. కొంత దూరం వెళ్లాక మళ్లీ అదే కథ.

ఇలాంటప్పుడు చాలామంది చేసే పని.. ఎలాగోలా ఇంటికొచ్చి, మర్నాడు మెకానిక్ షెడ్డుకు తీసుకెళ్లడం. అప్పటికి బండి చల్లారి ఉంటుంది, ఏ లోపమూ కనిపించదు. ప్లగ్ మారుస్తారు, కార్బొరేటర్ శుభ్రం చేస్తారు, బిల్లు కడతారు. తర్వాతి ఆదివారం బండి మళ్లీ అక్కడే ఆగుతుంది. ఎప్పుడో ఒకసారి కనిపించే లోపాన్ని అది కనిపించిన క్షణంలోనే పరీక్షించాలి. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసేవారికి ఈ మాట కొత్తేం కాదు. రోడ్డు పక్క నిలబడ్డ ఆ పది నిమిషాలే అసలైన అవకాశం.

ముందుగా కారణాలు రాసుకోవాలి. ఈ లక్షణాలకు ప్రధానంగా నాలుగు అనుమానాలు..

1. పెట్రోల్ ట్యాంకు మూతలోని గాలి రంధ్రం మూసుకుపోవడం: పెట్రోల్ కిందికి దిగుతుంటే ఆ ఖాళీలోకి గాలి రావాలి. రాకపోతే ట్యాంకులో శూన్యం ఏర్పడి పెట్రోల్ ధార ఆగుతుంది. బండి ఆగాక గాలి మెల్లగా లోపలికి చేరుతుంది, మళ్లీ స్టార్టవుతుంది.
2. ట్యాంకు తుప్పు, చెత్త: బండి నడిచేకొద్దీ ఇవి ఫిల్టర్‌కు అడ్డుపడతాయి. ఆగినప్పుడు కిందికి జారుకుంటాయి.
3. ఇగ్నిషన్ కాయిల్ లేదా పల్సర్ కాయిల్: లోపలి తీగ చుట్ట బలహీనపడితే వేడికి పనిచేయడం మానేస్తుంది, చల్లారితే మళ్లీ పనిచేస్తుంది.
4. వాల్వ్ సెట్టింగ్ బిగుతుగా ఉండటం: వేడెక్కాక వాల్వ్ పూర్తిగా మూసుకోక కంప్రెషన్ పడిపోతుంది.

ఇప్పుడు పరీక్షలు. ఖర్చు లేనిది, తక్కువ సమయం పట్టేది ముందు చేయాలి. బండి ఆగిన వెంటనే ట్యాంకు మూత తీయాలి. ‘స్‌స్..’ అని గాలి లోపలికి పోయిన చప్పుడు వచ్చి, వెంటనే స్టార్టయితే మొదటి అనుమానమే బలపడుతుంది. ఖర్చు సున్నా!

స్టార్ట్ కాకపోతే మూత గట్టిగా పెట్టేసి, ప్లగ్ విప్పి స్పార్క్ చూడాలి. ప్లగ్‌ను దాని క్యాప్‌కు తగిలించి, లోహపు భాగం ఇంజిన్‌కు ఆనేలా, ప్లగ్ రంధ్రానికి దూరంగా ఉంచి కిక్ కొట్టాలి. వట్టి చేత్తో పట్టుకోకూడదు. దగ్గర్లో పెట్రోల్ కారి ఉంటే ఈ పరీక్ష అసలు చేయకూడదు. స్పార్క్ లేదంటే ప్లగ్, కాయిల్, వాటి వైర్ల వైపు చూడాలి. స్పార్క్ బాగుంటే పెట్రోల్ అందుతోందా, కంప్రెషన్ ఉందా అన్నవి మిగులుతాయి. ఇలా ఒక్కో పరీక్షా కొన్ని అనుమానాలను కొట్టేస్తూ పోవాలి.

తోటి రైడర్ విలువ తెలిసేది ఇక్కడే. కాయిల్ మీద అనుమానం ఉంటే కొత్తది కొనకుండా, అదే మోడల్ బండి ఉన్నవారిని అడిగి వారి కాయిల్ మీ బండికి, మీది వారి బండికి పెట్టి అదే దారిలో వెళ్లి రావచ్చు. లోపం కాయిల్‌తో పాటు అవతలి బండికి వెళ్లిందా? దోషి దొరికినట్టే. మీ బండిలోనే ఉండిపోయిందా? కాయిల్ నిర్దోషి. డబ్బులు మిగిలాయి, అనుమానమూ తీరింది.

ఒక్క నియమం మాత్రం తప్పకూడదు. ఒకసారికి ఒక్కటే మార్చాలి. ప్లగ్, ఫిల్టర్, కాయిల్ మూడూ ఒకేసారి మారిస్తే బండి బాగవ్వచ్చు. కానీ దేనివల్ల బాగైందో ఎప్పటికీ తెలియదు. మార్చిన తర్వాత అదే దారి, అంతే దూరం, అదే వేగంతో నడిపి చూస్తేనే సమస్య తీరినట్టు లెక్క.

అడగడమూ ఒక నైపుణ్యమే

‘బ్రో, బండి ఆగిపోతోంది, ఏం చేయాలి?’ ఈ మెసేజ్‌కు ఎంతటి నిపుణుడైనా సాయం చేయలేడు. ఇదే విషయాన్ని ఇలా అడిగి చూడండి:

‘2008 మోడల్, 62 వేల కిలోమీటర్లు తిరిగింది. ఆగకుండా 40 కిలోమీటర్లు వెళ్లాక మిస్సింగ్ కొట్టి ఆగుతోంది. పది నిమిషాల తర్వాత స్టార్టవుతోంది. మూడుసార్లు ఇలాగే జరిగింది. ఆగినప్పుడు మూత తీసి చూశా, తేడా లేదు. స్పార్క్ బలహీనంగా ఉంది. ప్లగ్ కొత్తది. కాయిల్ అనుమానం. మీ కాయిల్ ఒకసారి పెట్టి చూడొచ్చా?’

రెండో మెసేజ్‌లో బండి వివరం, లక్షణం, ఎప్పుడు వస్తోంది, ఇప్పటికే ఏం చేశారు, ఏం తేలింది, ఏం సాయం కావాలి అన్నీ ఉన్నాయి. చదివినవారికి మీరు శ్రమ పడ్డారని అర్థమవుతుంది, సమాధానమూ త్వరగా వస్తుంది. ఆఫీసులో సీనియర్‌ను సందేహం అడగాలన్నా, కస్టమర్ ఫిర్యాదును నమోదు చేయాలన్నా కావాల్సింది ఈ క్రమమే.

షెడ్డులోనూ అంతే. ‘అన్నా, బండి మంచిగ లేదు’ అంటే ‘పెట్టిపో తమ్మీ, చూస్త’ అనే జవాబే వస్తుంది. ‘అన్నా, వేడైనంక స్పార్క్ తగ్గుతోంది, చల్లగున్నప్పుడు బానే ఉంది’ అంటే ఆయన వెంటనే పానా అందుకుని ‘కాయిల్ చూసినవా?’ అంటాడు. అప్పుడు పక్కన నిలబడి చూసే అవకాశమూ దొరుకుతుంది. ప్లగ్ లేత గోధుమ రంగులో ఉంటే మండటం సరిగా ఉందనీ, పొడి మసితో నల్లగా ఉంటే పెట్రోల్ ఎక్కువ పోతోందనీ, బాగా తెల్లగా ఉంటే గాలి ఎక్కువై ఇంజిన్ వేడెక్కుతోందనీ ఇలాంటి చోటే నేర్చుకుంటాం.

సాయం తీసుకున్నాక చివరి మెట్టు ఒకటుంది, చాలామంది మర్చిపోయేది అదే. ఏం చేస్తే బాగైందో సలహా ఇచ్చినవారికి తిరిగి చెప్పాలి. వారి అంచనా తప్పైనా సరే చెప్పాలి. అప్పుడే మీ అనుభవం ఇంకొకరికి పనికొస్తుంది. తర్వాతిసారి మీరు అడిగినప్పుడు ఫోన్ ఎత్తేవారూ ఉంటారు.

కొలిస్తేనే తెలుస్తుంది

‘బ్యాటరీ పోయినట్టుంది’ అనేది ఊహ. ‘బ్యాటరీ 11.8 వోల్టులు చూపిస్తోంది’ అనేది సమాచారం. కొన్ని వందల రూపాయలకు దొరికే మల్టీమీటర్ ఈ తేడాను నేర్పుతుంది. నిండుగా చార్జ్ అయిన 12 వోల్టుల బ్యాటరీ, బండి ఆపి కాసేపు ఉంచాక సుమారు 12.6 వోల్టులు చూపాలి. ఇంజిన్ స్టార్ట్ చేసి కొంచెం యాక్సిలరేటర్ ఇస్తే సాధారణంగా 13.5 నుంచి 14.5 మధ్యకు పెరగాలి. పెరగకపోతే చార్జింగ్ అందడం లేదు. అప్పుడు కొత్త బ్యాటరీ వేసినా కొన్నాళ్లకు అదీ డౌన్ అవుతుంది. 15 దాటుతుంటే రెగ్యులేటర్‌ను అనుమానించాలి.

దూరం బయల్దేరే ముందు చూడాల్సినవి మరికొన్ని..

టైరు వయసు: టైరు పక్కన నాలుగంకెల కోడ్ ఉంటుంది. 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని. గాట్లు బాగానే ఉన్నా రబ్బరు గట్టిపడి పగుళ్లు వస్తే నమ్మకూడదు.

చైన్: లూజు ఎంత ఉండాలో బండి మాన్యువల్‌లో ఉంటుంది. మరీ బిగుతైనా ప్రమాదమే, ఒకచోట లూజు, మరోచోట బిగుతుగా ఉంటే స్ప్రాకెట్‌తో సహా మార్చే సమయం వచ్చినట్టు.

పెట్రోల్: 2023 నుంచి 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ బంకుల్లోకి వచ్చింది. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. పాత బండ్ల రబ్బరు పైపులు, సీళ్లు దానికోసం చేసినవి కావు. పరీక్షల పేరుతో నెలల తరబడి బండి తీయనివారు కార్బొరేటర్‌లోని పెట్రోల్ తీసేయడం, పైపులను అప్పుడప్పుడూ చూసుకోవడం మంచిది.

వెంట ఉంచుకోవాల్సినవి: ప్లగ్, ప్లగ్ పానా, ఫ్యూజులు, క్లచ్ కేబుల్, పంక్చర్ కిట్, ఇన్సులేషన్ టేపు. అనుభవం ఉన్న రైడర్లు కొత్త క్లచ్ కేబుల్‌ను పాతదాని పక్కనే ముందుగా లాగి కట్టేస్తారు. దారిలో తెగితే రెండు కొసలూ మార్చుకుంటే చాలు.

కాగితాలు: సొంత వాహనం రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది. రవాణా శాఖ తనిఖీ చేయించి రెన్యువల్ చేసుకోవాలి, అది మరో అయిదేళ్లు చెల్లుతుంది. ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ తప్పనిసరి. సెకండ్ హ్యాండ్‌లో కొనేటప్పుడు ముందు చూడాల్సింది ఆర్‌సీ గడువే.

ఎక్కడ ఆగాలో తెలియడమూ ఈ విద్యలో భాగమే. ప్లగ్, చైన్, కేబుళ్లు, ఎయిర్ ఫిల్టర్, బ్యాటరీ లాంటివి నేర్చుకుని చేసుకోవచ్చు. డిస్క్ బ్రేకు, హ్యాండిల్ బేరింగులు, ఇంజిన్ విప్పే పని మాత్రం చెయ్యి తిరిగిన మెకానిక్‌కే వదిలేయాలి. బ్రేకు విషయంలో ప్రయోగాలు వద్దు.

కలిసి వెళ్తేనే దూరం

గుంపుగా వెళ్లేటప్పుడు ముందు ఒకరు, చివర ఒకరు అనుభవజ్ఞులు ఉంటారు. పానాలు, పంక్చర్ కిట్ సాధారణంగా చివరి రైడర్ దగ్గరే. ఎందుకంటే ఆగిపోయిన బండిని చేరేది ఆయనే. దారి తెలిసి ఉండటమూ అవసరమే. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు ప్రధాన మార్గంపైకి ద్విచక్ర వాహనాలను అనుమతించరు, సర్వీసు రోడ్డులోనే వెళ్లాలి. శ్రీశైలం దారిలో అమ్రాబాద్ అడవి గుండా రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు రాకపోకలు ఉండవు. మధ్యాహ్నం బండి ఆగి రెండు గంటలు పోతే ఆ రాత్రి ఎక్కడ ఉండాలో కూడా ముందే అనుకోవాలి. గడువు, అడ్డంకి, ప్రత్యామ్నాయం.. ప్రాజెక్టు ప్లానింగ్‌లో నేర్పేదీ ఇదే.

అబ్బాయిలకే పరిమితమైన ప్రపంచం కూడా కాదిది. హైదరాబాద్‌కు చెందిన జై భారతి, మరో ముగ్గురు మహిళలు 2018లో బైకుల మీద ఇక్కడి నుంచి వియత్నాం దాకా వెళ్లి వచ్చారు. దాదాపు 17 వేల కిలోమీటర్ల ప్రయాణం. ఆమె నెలకొల్పిన మోవో సంస్థ మహిళలకు బండి నడపడం నేర్పిస్తోంది, వాహన రంగంలో ఉపాధి దిశగానూ నడిపిస్తోంది. సరదా ఉపాధి వైపు తిరగడానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ అక్కర్లేదు.

బయటి దేశాల్లోనూ ఇలాంటివారున్నారు. అమెరికాలో రాబర్ట్ పిర్సిగ్ 1968లో కొడుకును వెనక కూర్చోబెట్టుకుని మిన్నెసోటా నుంచి కాలిఫోర్నియాకు హోండా బైకు మీద వెళ్లాడు. ఆ ప్రయాణం ఆధారంగా 1974లో వచ్చిన ‘జెన్ అండ్ ది ఆర్ట్ ఆఫ్ మోటార్‌సైకిల్ మెయింటెనెన్స్’ లోపం వెతకడాన్ని ఒక ఆలోచనా పద్ధతిగా చర్చించింది. దాన్ని ప్రచురణకర్తలు 121 సార్లు తిరస్కరించారు. ఆ రోజుల్లో పిర్సిగ్ చేసిన ఉద్యోగం టెక్నికల్ రైటర్, అంటే యంత్రాల మాన్యువళ్లు రాయడం!

ఎక్కడ ఉపయోగపడుతుంది?

ఈ ఆసక్తి ఉన్నవారికి నేరుగా ఉన్న దారులు కొన్ని..

పది పాసైనవారికి: ఐటీఐల్లో రెండేళ్ల మెకానిక్ మోటార్ వెహికల్ ట్రేడ్ ఉంది. రాష్ట్రంలో 65 ప్రభుత్వ ఐటీఐలను టాటా టెక్నాలజీస్ భాగస్వామ్యంతో అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా తీర్చిదిద్దే పని 2024లో మొదలైంది. ఎలక్ట్రిక్ వాహనాలకు సంబంధించిన శిక్షణకూ ఇవి వేదికలు.

డిప్లొమా, డిగ్రీ అభ్యర్థులకు: నాట్స్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకుంటే వాహన సంస్థల్లో అప్రెంటిస్‌షిప్‌లకు దరఖాస్తు చేయొచ్చు. స్టైపెండ్ ఉంటుంది.

మెకానికల్, ఆటోమొబైల్ వారికి: టీజీపీఎస్సీ భర్తీ చేసే అసిస్టెంట్ మోటార్ వెహికల్ ఇన్‌స్పెక్టర్ పోస్టులు ఉన్నాయి. చదువుతోపాటు డ్రైవింగ్ లైసెన్సు నిబంధనలూ ఉంటాయి కాబట్టి నోటిఫికేషన్ రాకముందే సిద్ధంగా ఉండాలి.

ఎలక్ట్రానిక్స్, కంప్యూటర్స్ వారికి: హైటెక్ సిటీ ప్రాంతంలోని హ్యుందాయ్ ఇంజినీరింగ్ కేంద్రం, నానక్‌రామ్‌గూడలోని జడ్‌ఎఫ్ టెక్నాలజీ సెంటర్ లాంటివి వాహనాల డిజైన్, సాఫ్ట్‌వేర్, టెస్టింగ్ పనులు చేస్తాయి. కోడింగ్, సర్క్యూట్ల పట్టుతోపాటు బండి ఎలా పనిచేస్తుందో తెలిసిన అభ్యర్థి అక్కడ అదనపు మార్కు కొట్టినట్టే.

వాహన రంగంతో సంబంధం లేని ఉద్యోగాలకూ ఈ అలవాటు అక్కరకొస్తుంది. టెస్టింగ్, టెక్నికల్ సపోర్ట్, నెట్‌వర్కింగ్.. అన్నింట్లోనూ రోజూ చేసేది లోపం వెతకడమే. అయితే బండి బాగుచేయడం వచ్చిందని సబ్జెక్టు చదవక్కర్లేదనుకుంటే పొరపాటు. రాత పరీక్ష దాటితేనే ఈ కథ చెప్పే అవకాశం వచ్చేది.

ఇంటర్వ్యూలో ఇలా..

రెజ్యూమెలో ‘హాబీ: బైక్ రైడింగ్’ అని రాస్తే ఎవరూ పట్టించుకోరు. దాన్నే ‘17 ఏళ్ల నాటి బైకు నిర్వహణ, లోపాలు, పరీక్షలు, ఫలితాల రికార్డు’ అని రాస్తే ప్రశ్న అడగాలనిపిస్తుంది. అడిగినప్పుడు నిమిషంలో చెప్పగలగాలి:

‘వేడెక్కాక బండి ఆగేది. నాలుగు కారణాలు అనుకున్నాను. ఖర్చు లేని పరీక్షలతో మొదలుపెట్టి రెండింటిని కొట్టేశాను. అదే మోడల్ ఉన్న స్నేహితుడి కాయిల్ మార్చి చూస్తే లోపం నా కాయిల్‌తో పాటు ఆ బండికి వెళ్లింది. కొత్త కాయిల్ వేశాక అదే దారిలో రెండుసార్లు నడిపి నిర్ధారించుకున్నాను.’

ఇందులో గొప్పలు లేవు. సమస్య, అంచనా, పరీక్ష, సాయం, నిర్ధారణ ఉన్నాయి. నిజంగా చేసిన పని కాబట్టి ఎన్ని ఎదురు ప్రశ్నలు వచ్చినా తడబడరు. చేయకుండా చెబితే మాత్రం ‘స్పార్క్ ఎలా చూశారు?’ అనే ఒక్క ప్రశ్నకే బయటపడిపోతారు.

అందుకు ఈ వారమే చేయగలిగిన పని ఒకటుంది. ఓ చిన్న నోట్‌బుక్ కొని బండి డిక్కీలో పడేయండి. తేదీ, కిలోమీటర్లు, లక్షణం, చేసిన పరీక్ష, ఫలితం, ఖర్చు, సాయం చేసినవారి పేరు.. ఏడు గడులు గీస్తే సరి. ఆర్నెల్లు తప్పకుండా రాస్తే బండి ఎందుకు మొరాయిస్తోందో తెలుస్తుంది. ఇంటర్వ్యూలో ఏం చెప్పాలో వెతుక్కోవాల్సిన అవసరమూ రాదు.